ఏసీ/డీసీ ‘పవర్ అప్’: అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు

అసలు ఈ ఆల్బమ్ ఏంటి, ఎప్పుడొచ్చింది?

ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బ్యాండ్ 2020 నవంబర్ 13న రిలీజ్ చేసిన ఆల్బమ్. 12 పాటలు, మొత్తం కలిపి 41 నిమిషాలు, కొలంబియా రికార్డ్స్ వాళ్ళు తెచ్చారు. ప్రొడ్యూసర్ బ్రెండన్ ఓబ్రయన్, అంతకుముందు వాళ్ళ ‘బ్లాక్ ఐస్’, ‘రాక్ ఆర్ బస్ట్’ చేసింది కూడా ఈయనే. మిక్సింగ్ మైక్ ఫ్రేజర్. కొత్త మనుషులు ఎవరూ లేరన్నమాట, ఆ ఇంట్లోకి కొత్తవాళ్ళని అంత తేలిగ్గా రానివ్వరు.

కమ్‌బ్యాక్ అంటారేంటి, వీళ్ళెక్కడికి పోయారని?

2014లో వచ్చిన ‘రాక్ ఆర్ బస్ట్’ తర్వాత ఆరేళ్ళ గ్యాప్ ఒక్కటే అయితే కమ్‌బ్యాక్ అనక్కర్లేదు, 2000 నుంచి 2008 దాకా ఎనిమిదేళ్ళు కొత్త ఆల్బమ్ లేకుండా ఉన్నవాళ్ళే వీళ్ళు. కానీ 2014 నుంచి 2016 వరకు జరిగింది చూస్తే ఇంకే బ్యాండ్ అయినా దుకాణం సర్దేసేది.

వరసగా చెప్తా. 2014లో రిథమ్ గిటారిస్ట్ మాల్కమ్ యంగ్ బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని బయటికొచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో, ‘రాక్ ఆర్ బస్ట్’ రిలీజ్‌కి ముందు, డ్రమ్మర్ ఫిల్ రడ్‌ని న్యూజిలాండ్‌లో పోలీసులు అరెస్ట్ చేశారు, టూర్‌కి ఆయన బదులు క్రిస్ స్లేడ్ వచ్చాడు. 2016 మార్చిలో సింగర్ బ్రయన్ జాన్సన్‌కి డాక్టర్లు తేల్చి చెప్పేశారు, ఇలాగే స్టేజ్ ఎక్కితే పూర్తిగా చెవుడు వస్తుందని, టూర్ మధ్యలో ఆపేశాడు. మిగతా షోలు గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ సింగర్ ఆక్సల్ రోజ్ పాడాడు. టూర్ అయిపోయేసరికి బేసిస్ట్ క్లిఫ్ విలియమ్స్ కూడా ఇక చాలు అని రిటైర్ అయ్యాడు, 2016 సెప్టెంబర్ 20న ఫిలడెల్ఫియాలో ఆఖరి షో. ఆ రోజుకి వాళ్ళ 1980 నాటి సూపర్‌హిట్ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ చేసిన ఐదుగురిలో మిగిలింది మాల్కమ్ తమ్ముడు, లీడ్ గిటారిస్ట్ అంగస్ ఒక్కడు. స్కూల్ యూనిఫారం నిక్కరు, టై, మెళ్ళో గిటార్, పక్కన పాతవాళ్ళు ఎవరూ లేరు.

ఆ తర్వాత 2017 అక్టోబర్‌లో వీళ్ళిద్దరి అన్న జార్జ్ పోయాడు, నెల తిరక్కుండానే నవంబర్ 18న మాల్కమ్ పోయాడు. 64 ఏళ్ళు. అప్పటికి చాలామంది, నాతో సహా, ఇక అయిపోయింది అనే అనుకున్నాం.

మరి మళ్ళీ అంతా ఎలా కలిశారు?

ఇంటర్వ్యూల్లో వాళ్ళు చెప్పినదాని ప్రకారం పెద్ద కథ ఏం లేదు. అంగస్ దగ్గర పాటలు రెడీగా ఉన్నాయి, చేద్దామా అని కబురు పెట్టాడు, ముగ్గురూ వచ్చేశారు. అంతే. రిటైర్ అయిన క్లిఫ్ వచ్చాడు, కోర్టు గొడవ ముగిసిన ఫిల్ వచ్చాడు, చెవుల సమస్య ఉన్న బ్రయన్ కూడా వచ్చాడు. మాల్కమ్ జాగాలో అన్న కొడుకు స్టీవీ ఎలాగూ ఉన్నాడు.

ఆల్బమ్ వచ్చిన రోజుకి బ్రయన్‌కి 73, క్లిఫ్‌కి 70, ఫిల్‌కి 66, అంగస్‌కి 65, స్టీవీకి 63. మన ఇళ్ళల్లో ఆ వయసు వాళ్ళని మెట్లు ఎక్కొద్దంటాం.

అందరూ మాల్కమ్ మాల్కమ్ అంటారు, సోలోలు వాయించేది అంగస్ కదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, తప్పు కూడా లేదు, కెమెరా ఎప్పుడూ అంగస్ మీదే ఉంటుంది. స్టేజ్ మీద గంతులేసేది, పడి దొర్లేది ఆయనే. మాల్కమ్ వెనకాల ఆంప్స్ (గిటార్ ఆంప్లిఫయర్లు) పక్కన నిలబడి, కోరస్ వచ్చినప్పుడు ముందుకి నడిచొచ్చి మైక్‌లో అరిచి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయేవాడు.

కానీ బ్యాండ్ పెట్టింది మాల్కమ్, 1973లో సిడ్నీలో. యంగ్ కుటుంబం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి 1963లో ఆస్ట్రేలియాకి వలస వెళ్ళింది. అన్న జార్జ్ ఈజీబీట్స్ అనే బ్యాండ్‌తో అక్కడ స్టార్ అయ్యాడు, తర్వాత అదే బ్యాండ్‌లోని హ్యారీ వాండాతో కలిసి తమ్ముళ్ళ మొదటి ఆల్బమ్స్ ప్రొడ్యూస్ చేసింది కూడా ఆయనే. బ్యాండ్‌లో ఎవరుండాలి, ఎవరు పోవాలి, ఏ పాట ఉంచాలి, ఏది చెత్తబుట్టలో వెయ్యాలి అనే నిర్ణయాల్లో చివరి మాట మాల్కమ్‌దే.

ఇక ఆ గిటార్ సంగతి. పాత గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్, అందులో మిగతా పికప్స్ (తీగల శబ్దాన్ని పట్టుకునే భాగాలు) పీకేసి బ్రిడ్జ్ దగ్గరది ఒక్కటే ఉంచాడు. మందపాటి తీగలు. ఆంప్‌లో డిస్టార్షన్ జనం అనుకునేంత ఉండదు, చాలా తక్కువ. అసలు కిటుకు ఇక్కడే ఉంది. గెయిన్, అంటే ఆ డిస్టార్షన్ పెంచే నాబ్, ఎక్కువ పెడితే తప్పులు కప్పుకుపోతాయి, తక్కువ పెడితే కుడిచెయ్యి ఏం చేస్తోందో ప్రతిదీ వినిపిస్తుంది, కాబట్టి చెయ్యి పక్కాగా ఉండాలి, ఇంకా ముఖ్యంగా ఎక్కడ వాయించకూడదో తెలియాలి. ఏసీ/డీసీ రిఫ్స్‌లో (పాటంతా మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కల్లో) సగం బలం మధ్యలో వచ్చే ఖాళీలదే. భజనలో గొంతులు ఎన్ని ఉన్నా తాళం వేసేవాడు ఆగితేనే ఆయన విలువ తెలిసినట్టు, మాల్కమ్ విలువ కూడా చాలామందికి ఆయన పోయాకే తెలిసింది.

చనిపోయిన మనిషి పేరు పాటల కింద ఎలా వేశారు? సెంటిమెంటా?

కాదు, నిజంగానే ఆయన రాసినవే. ఈ అన్నదమ్ములకి ఒక అలవాటు, ఐడియాలు రికార్డ్ చేసి దాచిపెట్టడం. ఒక రిఫ్, ఒక కోరస్ లైన్, ఎక్కడో గదిలో వాయించుకున్న రెండు నిమిషాల ముక్క. ‘బ్లాక్ ఐస్’ టైమ్‌లో ఇద్దరూ కూర్చుని బోలెడు రాశారు, ఒక్క ఆల్బమ్‌లో పట్టనంత. మాల్కమ్ పోయాక అంగస్ ఆ పాత సరుకు అంతా ముందేసుకుని విని, బాగున్నవి ఏరి, సగంలో ఉన్నవి పూర్తి చేశాడు. అందుకే 12 పాటలకీ క్రెడిట్ అంగస్ యంగ్, మాల్కమ్ యంగ్ ఇద్దరిదే.

1980లో చనిపోయిన పాత సింగర్ బాన్ స్కాట్‌కి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఎలాగో మాల్కమ్‌కి ఈ ఆల్బమ్ అలాగ అని అంగస్ స్వయంగా చెప్పాడు. అయితే ఇందులో ఏడుపు పాట ఒక్కటి కూడా లేదు. అదే నాకు నచ్చింది. అన్న పోయాడని స్లో పియానో పాట ఒకటి పెట్టి వయొలిన్లు దింపి ఉంటే మొదట మాల్కమే ఒప్పుకునేవాడు కాదు.

అంటే మాల్కమ్ వాయించినవి ఆల్బమ్‌లో వినిపిస్తాయా?

వినిపించవు. పాత టేపుల్లోంచి ఆయన గిటార్ కత్తిరించి అతికించే పని చెయ్యలేదు. రిథమ్ గిటార్ మొత్తం స్టీవీదే. ఈ రోజుల్లో పోయినవాళ్ళ గొంతులు, వాయిద్యాలు కంప్యూటర్‌లో తిప్పి కొత్త పాట అని వదులుతున్నారు, ఆ పని చెయ్యనందుకు అంగస్‌కి ఒక దండం.

ఈ స్టీవీ ఎవరు? చుట్టమని పెట్టేసుకున్నారా?

చుట్టమే, ఇంకో అన్న కొడుకు. కానీ బాబాయిల కన్నా మరీ చిన్నవాడేం కాదు, అంగస్ కంటే రెండేళ్ళు కూడా తేడా లేదు. 1988లో మాల్కమ్ తాగుడు మానడానికి బ్రేక్ తీసుకున్నప్పుడు అమెరికా టూర్ మొత్తం స్టీవీ వాయించాడు, చూడ్డానికి కూడా బాబాయిలా ఉంటాడు కాబట్టి చాలామంది ప్రేక్షకులకి మనిషి మారాడని తెలీలేదట. 2014లో మళ్ళీ పిలుపొస్తే వచ్చి ‘రాక్ ఆర్ బస్ట్’ చేశాడు.

నా అభిప్రాయం అడిగితే, మాల్కమ్‌లా వాయించేవాళ్ళు యూట్యూబ్‌లో వందల మంది ఉన్నారు, నోట్స్ అన్నీ కరెక్టే, అయినా ఏదో తేడా కొడుతుంది. స్టీవీది అలా అనిపించదు, ఇంట్లో విని పెరిగిన చెయ్యి కదా. ఏసీ/డీసీ కొలువులో బయటివాళ్ళకి డిగ్రీ ఉన్నా ఉద్యోగం దొరకదు.

బ్రయన్ చెవులు బాగయ్యాయా?

పూర్తిగా బాగవ్వడం అనేది ఉండదు, వినికిడి పోతే పోయినట్టే. ఆయనకి దొరికింది వేరే దారి. స్టీఫెన్ ఆంబ్రోస్ అని ఒకాయన ఉన్నాడు, స్టేజ్ మీద సింగర్లు చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు కనిపెట్టిన మనిషి, వార్త విని తనే బ్రయన్‌ని కాంటాక్ట్ చేశాడు. మొదట తెచ్చిన పరికరం కారు బ్యాటరీ అంత ఉండేదని బ్రయన్ నవ్వుతూ చెప్పాడు. తర్వాత రెండు మూడేళ్ళ పాటు దాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చారు. పుర్రె ఎముకల ద్వారా శబ్దం అందేలా చేస్తుందట. దాంతోనే మళ్ళీ స్టేజ్ మీద బ్యాండ్‌ని వినగలిగాడు.

గొంతు మాత్రం ఆ వయసుకి ఆశ్చర్యమే. ‘బ్లాక్ ఐస్’ కంటే ఇక్కడే బాగుందని నాకనిపిస్తుంది, పైస్థాయిలో అరవడం తగ్గించి మధ్యలో ఉండి పాడాడు, కొన్నిచోట్ల మామూలుగా మాట్లాడినట్టే పాడతాడు, అది కుదిరింది.

ఆక్సల్ రోజ్‌తోనే ఆల్బమ్ చేసి ఉంటే బాగుండేది కదా?

ఈ ఒక్క ప్రశ్న మీద స్నేహాలు తెగిపోయినా ఆశ్చర్యం లేదు. 2016లో ఆక్సల్ వస్తున్నాడనగానే అందరూ వెక్కిరించారు, ఎందుకంటే షోలకి గంటల తరబడి లేటుగా వస్తాడని ఆయనకి పేరు. పైగా కాలు విరిగి ఉంది. లిస్బన్‌లో మొదటి షోకి ఫూ ఫైటర్స్ బ్యాండ్ సింగర్ డేవ్ గ్రోల్ దగ్గర అప్పు తెచ్చుకున్న సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. తీరా చూస్తే అదరగొట్టాడు, టైమ్‌కి వచ్చాడు, బాన్ స్కాట్ రోజుల పాత పాటలు బయటికి తీయించాడు.

అయినా సరే, టూర్‌ని ఒడ్డున పడెయ్యడం వేరు, ఆల్బమ్ చెయ్యడం వేరు. ఆక్సల్ గొంతు ఉంటే అది ఆక్సల్ ఆల్బమ్ అయ్యేది, వినేవాళ్ళంతా ఆయన్నే కొలుస్తూ కూర్చునేవాళ్ళు. మాల్కమ్ కోసం చేసిన రికార్డ్‌లో 1980 నుంచి మాల్కమ్ పక్కన పాడిన మనిషి ఉండటమే న్యాయం.

ఫిల్ రడ్ మీద మర్డర్ కేసు అన్నారు, అలాంటివాణ్ణి మళ్ళీ ఎలా తీసుకున్నారు?

హత్య చేయించడానికి ప్రయత్నించాడన్న ఆరోపణని సాక్ష్యం చాలదని మర్నాడే వెనక్కి తీసుకున్నారు. చంపేస్తానని బెదిరించడం, డ్రగ్స్ దగ్గర పెట్టుకోవడం, ఈ రెండూ 2015లో కోర్టులో ఒప్పుకున్నాడు, ఎనిమిది నెలలు హౌస్ అరెస్ట్ లాంటి శిక్ష పడింది. చిన్న విషయాలు కావు, అది ఎవరూ దాచక్కర్లేదు. శిక్ష అయ్యాక బ్యాండ్ పిలిచింది.

డ్రమ్మర్‌గా మాత్రం ఆయన లేకపోతే తేడా తెలుస్తుంది. పాట మొత్తంలో రోల్స్ ఒకటో రెండో ఉంటాయి, మిగతాదంతా బూమ్-చాక్, బూమ్-చాక్. ఇది ఎవరైనా కొడతారు అనుకుంటాం. డ్రమ్స్ నేర్చుకునే ఎవరినైనా అడగండి, మూడున్నర నిమిషాలు తొందరపడకుండా, బీట్‌కి వెంట్రుకవాసి వెనకాల అలా ఆనుకుని కొట్టడం ఎంత కష్టమో చెప్తారు.

2018లోనే రికార్డ్ చేశారంట, రెండేళ్ళు ఎందుకు ఆపారు?

అవును, 2018 ఆగస్టు, సెప్టెంబర్‌లో కెనడాలోని వాంకూవర్‌లో, బ్రయన్ ఆడమ్స్‌కి చెందిన వేర్‌హౌస్ స్టూడియోలో. రహస్యంగా ఉంచాలనుకున్నారు కానీ స్టూడియో వెనక వైపు బ్రయన్ జాన్సన్, ఫిల్ రడ్ కనిపించగానే ఎవరో ఫోటో కొట్టి నెట్‌లో పెట్టేశారు. అంతే, ఫ్యాన్స్ రెండేళ్ళు అవే ఫోటోలు జూమ్ చేసుకుంటూ కూర్చున్నారు, బ్యాండ్ మాత్రం కిమ్మనలేదు.

2020లో రిలీజ్ చేసి టూర్‌కి వెళ్దామని రిహార్సల్స్ కూడా చేసుకున్నారు, ఈలోపు కరోనా. సెప్టెంబర్ చివర్లో ఆఫీషియల్‌గా బయటపెట్టి, అక్టోబర్ 7న మొదటి పాటగా ‘షాట్ ఇన్ ద డార్క్’ వదిలారు. అందరూ ఇళ్ళల్లో మగ్గిపోయి ఉన్న టైమ్‌లో ఆ రిఫ్ వచ్చింది. కొంత క్రెడిట్ ఆ టైమింగ్‌కి కూడా ఇవ్వాలి, అది ఒప్పుకోవాలి.

ఫ్రాంక్‌గా చెప్పండి, వీళ్ళ పాటలన్నీ ఒకేలా ఉండవా?

ఉంటాయి.

ఇది వాళ్ళకీ తెలుసు. మేం ఒకే ఆల్బమ్ పదకొండు సార్లు చేశామంటారు, అబద్ధం, పన్నెండు సార్లు చేశాం అని అంగస్ పేరు మీద ఒక పాత జోక్ తిరుగుతుంటుంది. విమర్శ నిజమే కానీ సగమే నిజం. ఆ చట్రం చూడండి: రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, అరుపు. కీబోర్డ్ లేదు, బ్యాలడ్ లేదు. 1980ల్లో అందరూ జుట్టు గాలికొదిలి సింథసైజర్లు పెట్టినప్పుడు వీళ్ళు పెట్టలేదు, 90ల్లో గ్రంజ్ వచ్చినప్పుడు దిగులు మొహాలు పెట్టలేదు, తర్వాత ర్యాప్ కలిపినప్పుడు కలపలేదు. మారిన బ్యాండ్స్‌లో చాలావాటి ఆ కాలపు ఆల్బమ్స్ ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది, వీళ్ళవి ఏ ఏడాదివో చెప్పడమే కష్టం.

చట్రం మారనప్పుడు లోపల చిన్న మార్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. ‘పవర్ అప్’లో అలాంటి చిన్న మార్పులు ఉన్నాయి. బ్యాకింగ్ వోకల్స్ మామూలు కంటే ఎక్కువ, కోరస్‌లు గుంపుగా పాడుకునేలా ఉన్నాయి, రెండు మూడు చోట్ల గిటార్ మెలొడీ వీళ్ళ అలవాటు కంటే మెత్తగా ఉంటుంది. మొదటిసారి వింటే ఏదీ తేడా తెలీదు, నాలుగోసారికి ఒక్కో పాట మొహం విడిగా కనిపిస్తుంది. నాలుగుసార్లు వినే ఓపిక లేకపోతే ఈ బ్యాండ్ మీకోసం కాదు, తప్పేం లేదు.

ముందు ఏ పాటలు వినాలి?

‘త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్’. నా లెక్కలో ఆల్బమ్‌కి గుండెకాయ ఇదే. తీగలు గంటల్లా మోగుతూ మొదలవుతుంది, వెనక్కి తిరిగి చూసుకునే పాట, కానీ టెంపో ఎక్కడా తగ్గదు. ఏసీ/డీసీ ఇంత మెలొడీగా చెయ్యడం అరుదు. విన్నప్పుడల్లా ఈ రిఫ్ అన్నదా తమ్ముడిదా అనే ఆలోచన వస్తుంది.

‘డీమన్ ఫైర్’ పూర్తిగా దానికి రివర్స్. ముందు బ్రయన్ లోగొంతులో గొణుగుతాడు, వెనకాల గిటార్ గబగబా పరుగు, ఆపైన ఒక్కసారిగా అందరూ మీద పడతారు. బైక్ మీద వెళ్తూ మాత్రం వినకండి, చలాన్ వస్తుంది.

‘రియలైజ్’ మొదటి పాటగా కరెక్ట్, తలుపు నెట్టుకుని వచ్చినట్టు వస్తుంది. ‘షాట్ ఇన్ ద డార్క్’ అందరికీ తెలిసిందే, బ్లూస్ వాసన ఉన్న రిఫ్, మొదట మామూలుగా అనిపించి తర్వాత రోజంతా బుర్రలో తిరుగుతుంది. ‘వైల్డ్ రెప్యుటేషన్’ గురించి ఎవరూ మాట్లాడరు గానీ అందులో క్లిఫ్ బేస్ నడక వినండి, హడావిడి లేకుండా. చివర్లో ‘కోడ్ రెడ్’ కూడా వదలొద్దు, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రిఫ్‌లో ఉండే ఆ ఆగి ఆగి కొట్టే పద్ధతి ఇందులో మళ్ళీ వినిపిస్తుంది.

నచ్చనివి ఏం లేవా మరి?

ఉన్నాయి. ‘మనీ షాట్’ లిరిక్స్ 70ల్లో అయితే నవ్వొచ్చేవి, ఇప్పుడు ఇబ్బందిగా ఉన్నాయి. ‘కిక్ యూ వెన్ యూ ఆర్ డౌన్’ కోరస్ సగం ఉడికింది. ‘నో మ్యాన్స్ ల్యాండ్’ బరువుగా మొదలై ఎటూ వెళ్ళదు. 12 బదులు 10 పాటలుంటే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ సైజుకి వచ్చేది, ఇంకా గట్టిగా ఉండేది.

ఇంకోటి సౌండ్. మిక్స్ బాగా నింపేశారు, అన్నీ ఒకే లెవెల్లో గట్టిగా. 1980లో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ని మట్ లాంగ్ ప్రొడ్యూస్ చేసినప్పుడు వాయిద్యాల మధ్య గాలి ఆడేది. అది ఇక్కడ కొంచెం మిస్సింగ్.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’తో పోల్చొచ్చా?

కథ పరంగా పోల్చొచ్చు, పాటల పరంగా వద్దు. 1980 ఫిబ్రవరి 19న బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు, 33 ఏళ్ళు. ఐదు నెలల్లో, జులై 25కి, కొత్త సింగర్ బ్రయన్‌తో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చేసింది, బహామాస్‌లో రికార్డ్ చేసి. అమెరికాలో ఒక్కచోటే 2019 నాటికి 25 సార్లు ప్లాటినం (ఒక్కో ప్లాటినం అంటే పది లక్షల కాపీల లెక్క). రాక్ చరిత్రలో అలాంటిది మళ్ళీ జరగడం కష్టం.

అప్పుడు వాళ్ళు పాతికేళ్ళ కుర్రాళ్ళు, దెబ్బ తగిలిన కోపంతో ఎదురు తిరిగారు. ఇప్పుడు అంగస్ చేసింది అన్న వదిలిపెట్టిన పని పూర్తి చెయ్యడం. ఆ కోపం ఈ ఆల్బమ్‌లో ఉండదు. ఆ కోపం కోసం వెతికితే నిరాశ పడతారు.

అమ్ముడుపోయిందా, లేక ఫ్యాన్స్ గోలేనా?

బాగానే పోయింది. అమెరికా బిల్‌బోర్డ్ 200లో మొదటి వారమే నంబర్ వన్, 117,000 యూనిట్లు. అందులో స్ట్రీమింగ్ వాటా చాలా చిన్నది, మిగతాదంతా డబ్బులు పెట్టి కొన్నదే, అంటే సీడీయో డౌన్‌లోడో సొంతం చేసుకునే అలవాటు వదలని జనం వీళ్ళ వెనక ఇంకా ఉన్నారన్నమాట. అక్కడ ‘ఫర్ దోజ్ అబౌట్ టు రాక్’, ‘బ్లాక్ ఐస్’ తర్వాత ఇది వాళ్ళకి మూడో నంబర్ వన్. విచిత్రం చూడండి, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అక్కడ ఎప్పుడూ నంబర్ వన్ కాలేదు, నాలుగు దగ్గరే ఆగింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీల్లో కూడా ‘పవర్ అప్’ మొదటి స్థానమే.

గ్రామీ వచ్చిందా?

2022 గ్రామీల్లో మూడు నామినేషన్లు. బెస్ట్ రాక్ ఆల్బమ్, ‘షాట్ ఇన్ ద డార్క్’కి పెర్ఫార్మెన్స్, మ్యూజిక్ వీడియో. ఒక్కటీ రాలేదు, రాక్ ఆల్బమ్ అవార్డ్ ఫూ ఫైటర్స్‌కి వెళ్ళింది.

ఆ లైట్ వెలిగే బాక్స్ నిజమేనా?

నిజమే. డీలక్స్ ఎడిషన్ సీడీ ఒక చిన్న పెట్టెలో వస్తుంది, బటన్ నొక్కితే బ్యాండ్ లోగో ఎర్రగా వెలుగుతుంది, లోపలి స్పీకర్లోంచి ‘షాట్ ఇన్ ద డార్క్’ ముక్క మోగుతుంది, యూఎస్‌బీ కేబుల్‌తో చార్జింగ్ కూడా పెట్టుకోవచ్చు. అవసరమా అంటే కాదు. కావాలా అంటే కావాలి.

తర్వాత టూర్ సంగతి? పాతవాళ్ళంతా ఉన్నారా?

ఇక్కడే కమ్‌బ్యాక్ కథకి చిన్న మెలిక. ఆల్బమ్‌కి కలిసిన ఐదుగురూ పూర్తి టూర్‌కి కలవలేదు. 2023 అక్టోబర్ 7న కాలిఫోర్నియాలోని ఇండియోలో పవర్ ట్రిప్ ఫెస్టివల్, ఏడేళ్ళ తర్వాత మొదటి షో, దానికి క్లిఫ్ వచ్చాడు గానీ డ్రమ్స్ మీద ఫిల్ లేడు, మాట్ లాగ్ అనే ఆయన ఉన్నాడు. అసలు టూర్ 2024 మే 17న జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో మొదలైంది, అప్పటికి బేస్ కూడా మారింది, క్రిస్ చేనీ వచ్చాడు. అలా యూరప్, 2025లో అమెరికా, కెనడా, ఏడాది చివర్లో సొంతగడ్డ ఆస్ట్రేలియా.

బ్రయన్ గొంతు స్టేజ్ మీద కొన్ని రాత్రులు బాగుంది, కొన్ని రాత్రులు గీరుకుపోయింది, వీడియోలు ఉన్నాయి, మీరే చూసుకోవచ్చు. 76 ఏళ్ళకి ‘థండర్‌స్ట్రక్’ పాడమంటే ఎవరికైనా అంతే. కొత్త ఆల్బమ్ నుంచి ‘షాట్ ఇన్ ద డార్క్’, ‘డీమన్ ఫైర్’ వాయించారు. ‘త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్’ని స్టేజ్ మీద వినాలని నా కోరిక.

నాకు ఐరన్ మ్యాన్ సినిమా వల్లే ఈ బ్యాండ్ తెలుసు, డైరెక్ట్‌గా ‘పవర్ అప్’ వినెయ్యొచ్చా?

మనలో చాలామందికి దారి అదే, సిగ్గుపడక్కర్లేదు. హైదరాబాద్, వైజాగ్ హాళ్ళల్లో ఆ సినిమా మొదట్లో ఎడారిలో జీపులు వెళ్తుంటే ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ మోగినప్పుడు ఈ పాట ఏంటిరా అని వెతుక్కున్నవాళ్ళు బోలెడు మంది. రెండో సినిమాకైతే సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ అంటూ మొత్తం వీళ్ళ పాత పాటలతోనే ఒక కలెక్షన్ వేశారు, అది మొదలుపెట్టడానికి బాగా పనికొస్తుంది.

ఆ తర్వాత ‘హైవే టు హెల్’, ‘బ్యాక్ ఇన్ బ్లాక్’, అక్కడి నుంచి సరాసరి ‘పవర్ అప్’కి దూకెయ్యండి. మధ్యలో 80ల చివరి ఆల్బమ్స్ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు, కొన్నిటిని చూడకపోయినా పర్లేదు.

ఇది హెవీ మెటలేనా?

కాదు. రాక్ అండ్ రోల్. వాళ్ళని మెటల్ అంటే వాళ్ళకే చిరాకు.

ఎలా వినాలి, ఫోన్ స్పీకర్ చాలదా?

చాలదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, మామూలువి చాలు. రెండు గిటార్లు రెండు పక్కల విడిగా వినిపిస్తాయి. సోలో రాని చెవి వైపు దృష్టి పెట్టండి, అక్కడున్నది స్టీవీ. సోలో మొదలైనప్పుడు అందరి బుర్రా అటు పోతుంది, మీరు మాత్రం ఇటే ఉండండి, కింద ఆ రిథమ్ ఒక్క అంగుళం కూడా జరగదు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే వాళ్ళ పాత ఆల్బమ్స్‌లో మాల్కమ్ కూడా కొత్తగా వినిపిస్తాడు.

సౌండ్ మరీ పెంచకండి. బ్రయన్ చెవుల గురించి పైన చదివారు కదా.

ఇంట్లో పెద్దవాళ్ళ ముందు స్పీకర్‌లో పెట్టొచ్చా?

బ్రయన్ ఏమంటున్నాడో ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకే సరిగ్గా అర్థం కాదు కాబట్టి పది పాటల వరకు ఏ ప్రమాదం లేదు. పదకొండోది ‘మనీ షాట్’, అది వచ్చేలోపు స్కిప్ నొక్కి ‘కోడ్ రెడ్’కి వెళ్ళిపోండి.